నాలుక తెగితే, రక్తం ఆగకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లాడు అరుగు మీంచి పడ్డా, బండి గోతిలో దిగి పళ్ల మధ్య నాలుక నలిగినా, చేపముల్లు గుచ్చుకున్నా అడిగే మాటలు ఇంచుమించు ఇవే. అమలాపురం చుట్టుపక్కల నుంచీ, భీమవరం వైపు నుంచీ, కాకినాడ నుంచీ ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట పెట్టాను. ఎవరికి ఏది కావాలో అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు, ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది. ఇప్పుడే రక్తం కారుతుంటే మొదటి జవాబు చదివి ఫోను పక్కన పెట్టేయండి. నాలుక రక్తాన్ని ఆపేది గట్టిగా నొక్కిపట్టిన వేళ్లే. మిగతావన్నీ ఆ తర్వాతి సంగతి.

## దెబ్బ తగిలిన వెంటనే

నాలిక తెగి నోటినిండా రక్తం వస్తోందండి. ముందు ఏం చెయ్యాలి?

మనిషిని కూర్చోబెట్టి తల ముందుకు వంచండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు, తల వెనక్కి ఎత్తొద్దు. అలా చేస్తే రక్తం గొంతులోకి దిగి పొలమారుతుంది, కడుపులోకి పోతే వాంతి అవుతుంది. నోట్లో చేరింది చేరినట్టు గిన్నెలోకి ఉమ్మించండి. ఒక్కసారి చల్లటి మంచినీళ్లు పుక్కిలిస్తే ఎక్కడ తెగిందో కనిపిస్తుంది.

తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, గాజుగుడ్డ గానీ, ఉతికిన మెత్తటి నూలుగుడ్డ గానీ నాలుగు మడతలు వేసి తెగిన చోట పెట్టి నొక్కండి. గడియారం చూసుకుని పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. ఆగిందేమో అని మధ్యలో తీసి చూడొద్దు. గడ్డకడుతున్న రక్తం గుడ్డతో పాటే ఊడొచ్చి కథ మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది ఇళ్లలో రక్తం ఆగకపోవడానికి కారణం ఈ తీసి చూడడమే. గుడ్డ తడిసిపోతే దాన్ని కదపకుండా పైన ఇంకోటి వెయ్యండి. పది నిమిషాలకి ఆగకపోతే ఇంకో పది నిమిషాలు. అప్పటికీ కారుతుంటే అలా నొక్కిపట్టుకునే ఆస్పత్రికి బయల్దేరండి.

రక్తం ఎగజిమ్ముతున్నా, ఊపిరి అందకపోయినా, మనిషి మగతగా ఉన్నా పది నిమిషాలు చూడాల్సిన పని లేదు. నొక్కిపట్టి ఉంచుతూనే 108కి ఫోన్ చేయించండి.

నాలిక చేతికి దొరకట్లేదు, జారిపోతోంది. ఎలా పట్టుకోవాలి?

ముందు పొడిగుడ్డతో నాలుక మీది తడిని ఒకసారి అద్దండి. తడి ఉన్నంతసేపూ అది జారుతూనే ఉంటుంది. కొస తెగితే, మడతపెట్టిన గుడ్డను కొస చుట్టూ తొడుగులా వేసి, బొటనవేలు పైన, చూపుడువేలు కింద పెట్టి రెండువైపుల నుంచీ నొక్కండి. నాలుక పెదవి దాటి కొంచెం బయటికొస్తే చాలు, లాగక్కర్లేదు. అంచు తెగితే గుడ్డమడతను దవడపళ్లకీ నాలుకకీ మధ్య దూర్చి, వేలితో నాలుక వైపు నొక్కాలి. పైభాగం మధ్యలో తెగితే గాటు మీద గుడ్డ పెట్టి, నాలుకను అంగిలికి ఆనించి గట్టిగా అదమమనండి. పెద్దవాళ్లు ఈ పని తమంతట తాము చేసుకుంటేనే మేలు. ఎంత నొక్కితే ఓర్చుకోగలరో వాళ్లకే తెలుస్తుంది.

గుడ్డ కొస నోటి బయటికి వేలాడుతూ ఉండాలి, లేకపోతే గొంతులోకి జారే ప్రమాదం ఉంది. దూది వాడొద్దు, పోగులు గాటుకి అంటుకుపోతాయి.

గిన్నెడు రక్తం పోయింది. ప్రాణానికేమైనా ప్రమాదమా?

నాలుకకి రక్తం తెచ్చే ధమనులు మెడలోని పెద్ద ధమని కొమ్మ నుంచే వస్తాయి. కుడికొకటి, ఎడమకొకటి. అందుకే చిన్న గాటుకి కూడా ధార కడుతుంది, ఆ రక్తం పుష్కలంగా ఉండబట్టే చర్మం కంటే తొందరగా మానుతుంది కూడా. పైగా గిన్నెలో ఉన్నదంతా రక్తం కాదు. చెంచాడు రక్తం ఉమ్మితో కలిస్తే గిన్నెంతా ఎర్రబడుతుంది. అయితే గుండె దడ, చెమటలు, ముఖం పాలిపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం కనిపిస్తే నిజంగానే ఎక్కువ పోయిందని అర్థం. ఇంట్లో ఉండకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఐసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ గుడ్డలో చుట్టి. ఐసుముక్కని నేరుగా నాలుక మీద ఉంచితే అతుక్కుని పైపొర లేచిపోతుంది. నొక్కిపట్టడం అయ్యాక రెండేసి నిమిషాలు పెట్టి తీస్తూ ఉంటే నొప్పి, వాపు తగ్గుతాయి. కాస్త పెద్ద పిల్లలకైతే పుల్లైసు చప్పరించమనడం అన్నిటికంటే సులువు.

మా అత్తయ్యగారు పసుపు గానీ కాఫీపొడి గానీ అద్దమంటున్నారు. అద్దొచ్చా?

వద్దండి. పొడి అద్దినప్పుడు రక్తం ఆగినట్టు అనిపించడానికి కారణం, అద్దేటప్పుడు వేలితో నొక్కడమే. పొడి వేస్తే లాభం లేదు సరికదా, గాటులో ఇరుక్కుంటుంది, ఏడుస్తున్న పిల్లాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్పత్రిలో కడిగి తియ్యడం వాళ్లకి ఇంకో పని అవుతుంది. పంచదార కూడా అంతే. సున్నం అసలే వద్దు, నోటి లోపలి పొరని కాల్చేస్తుంది. తేనె ఏడాది నిండని బిడ్డ నోట్లో ఏ కారణంగానూ పెట్టకూడదు. పెద్దావిడ మాట కాదనడం కష్టమైతే గుడ్డ ఆవిడ చేతికే ఇచ్చి నొక్కి పట్టుకోమనండి, అది నిజంగా సాయం.

మా నాన్నగారు గుండెకి ఎకోస్ప్రిన్ వేసుకుంటారు. నాలిక కొరుక్కుంటే రక్తం ఆగట్లేదు.

ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే మందులే. ఇవి వాడేవాళ్లకి నొక్కిపట్టే సమయం పది నుంచి ఇరవై నిమిషాలకి పెంచండి. అప్పటికీ ఆగకపోతే గాటు ఎంత చిన్నదైనా ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ ట్రానెక్సామిక్ యాసిడ్ అనే రక్తం ఆపే మందులో తడిపిన గాజుగుడ్డ పెట్టి ఆపుతుంటారు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్లకి రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష చేస్తారు. మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. స్టెంటు వేయించుకున్న మనిషికి అది నాలుక గాటు కంటే పెద్ద ప్రమాదం తెస్తుంది.

## చిన్నపిల్లల విషయంలో

రెండేళ్ల పాప పడి నాలిక కొరుక్కుంది. నోరు తెరవనివ్వట్లేదు. ఎలా చూడాలి?

ముందు ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల ముందుకు వంచి, ఏడుపు తగ్గేదాకా ఆగండి. ఏడ్చినంతసేపూ రక్తం ఎక్కువగా కారుతుంది. తర్వాత ఇద్దరు పెద్దవాళ్లు మోకాళ్లు మోకాళ్లకి ఆనేలా ఎదురెదురుగా కూర్చోండి. పాప తల ఒకరి ఒళ్లో, కాళ్లు ఇంకొకరి వైపు వచ్చేలా పడుకోబెడితే నోరు బాగా కనిపిస్తుంది. చూడడం అయ్యాక వెంటనే లేపి కూర్చోబెట్టాలి. వేళ్లు పళ్ల మధ్య పెట్టొద్దు, కొరికేస్తారు. నొక్కనివ్వకపోతే చల్లటి తడిగుడ్డ చీకనివ్వండి, కొసని మీ చేత్తో పట్టుకుని.

పళ్లు లెక్కపెట్టడం మరిచిపోకండి. ఒక పన్ను తగ్గితే అది నేల మీద పడిందా, నాలుకలో దిగిందా, ఊపిరితిత్తుల్లోకి పోయిందా తేల్చుకోవాలి. దొరకకపోతే ఎక్స్‌రే తీస్తారు. పడ్డాక వాంతులు, మత్తు, ఒకే చోట తదేకంగా చూడడం ఉంటే తలకి దెబ్బ తగిలిందేమో అని కూడా చూపించండి.

నోట్లో పుల్ల పెట్టుకుని పరిగెత్తి పడ్డాడు. కొద్దిగా రక్తం వచ్చి ఆగిపోయింది. చూపించాలా?

చూపించాలి. పెన్ను, బ్రష్షు, కొబ్బరిపుల్ల లాంటివి నాలుక వెనక భాగంలోనో అంగిట్లోనో దిగితే పైకి చిన్న రంధ్రమే కనిపిస్తుంది, లోపల లోతుగా ఉండొచ్చు. పుల్ల ఇంకా గుచ్చుకునే ఉంటే లాగొద్దు, అలాగే తీసుకెళ్లండి.

నాలిక కింద ఉండే నరం తెగింది. కుట్లు వేయించాలా?

అది నరం కాదండి, నాలుకని కింద పట్టి ఉంచే పల్చటి పొర. పై పెదవి లోపల ఉండేది కూడా అలాంటిదే. చాలావరకు వాటంతట అవే మానిపోతాయి. ఆగిపోయిన రక్తం పెదవి ఎత్తి చూస్తే మళ్లీ మొదలవుతుంది కాబట్టి ప్రతివాళ్లకీ ఎత్తి చూపించొద్దు. ఇంకా నడక రాని పసిబిడ్డకి ఎలా తెగిందో తెలియకపోతే మాత్రం డాక్టరుకి చూపించండి.

ఫిట్స్ వచ్చి నాలిక కొరుక్కుంటున్నాడు. నోట్లో చెంచా పెట్టాలా?

ఏమీ పెట్టొద్దు. చెంచా, గుడ్డ, మీ వేలు, ఏదీ వద్దు. పళ్లు విరుగుతాయి, విరిగిన ముక్క గొంతుకి అడ్డం పడుతుంది. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ఫిట్స్ ఆగవు. ఆ నిమిషాల్లో మీరు చేయగలిగిన మంచి పని మనిషిని ఒక పక్కకి తిప్పడం. ఉమ్మీ రక్తమూ బయటికి కారిపోతాయి, ఊపిరి ఆడుతుంది. తల కింద తువ్వాలు పెట్టి, చుట్టూ ఉన్న కుర్చీలు, సామాన్లు జరిపి, టైము చూసుకోండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, జీవితంలో ఇదే మొదటిసారైనా 108కి చెయ్యండి. నాలుక సంగతి పూర్తిగా తెలివొచ్చి కూర్చున్నాక చూడొచ్చు.

## ముల్లు, పెంకు, చెరకు

పులస తింటుంటే నాలికలో ముల్లు దిగింది. తీసెయ్యొచ్చా?

పులసలో సన్నటి ముళ్లు కండలోపల పరుచుకుని ఉంటాయి. వరదనీళ్ల కాలంలో ఈ ప్రశ్న అడగని వారం ఉండదు. అద్దం ముందు టార్చి వేసి చూడండి. నాలుక ముందుభాగంలో ముల్లు కొస స్పష్టంగా కనిపిస్తుంటే, వేడినీళ్లలో మరిగించి చల్లార్చిన చిన్న పట్కారుతో, దిగిన దారినే నెమ్మదిగా లాగండి. ఆ తర్వాత వచ్చే చుక్క రక్తం నొక్కితే ఆగిపోతుంది.

కనిపించకపోతే వేలు పెట్టి కెలకొద్దు. అన్నంముద్దలూ అరటిపండూ నమలకుండా మింగమని ఊళ్లో అందరూ చెబుతారు. దానివల్ల ముల్లు ఇంకా లోతుకి దిగొచ్చు, మింగుడుగొట్టానికి గాటు పడొచ్చు. మింగినప్పుడల్లా ఒకేచోట గుచ్చుతున్నా, చొంగ కారుతున్నా చెవి-ముక్కు-గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. గుండెల్లో నొప్పి, జ్వరం, ఉమ్మిలో రక్తం ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు.

చెరకు నమిలితే, రొయ్య తల చీకితే నాలిక గీసుకుపోతోంది. ఏమైనా వాడాలా?

అవి పైపైన గీతలు. చల్లటి నీళ్లతో పుక్కిలించి, రెండు రోజులు కారం, పులుపు తగ్గిస్తే చాలు. నార గానీ పెంకుముక్క గానీ లోపల ఉండిపోయి ఒక పక్క వాచితే మాత్రం తీయించుకోవాలి.

## ఆస్పత్రికి వెళ్లాలా, కుట్లు పడతాయా

ఎంత తెగితే కుట్లు వేస్తారు?

చిన్న గాటులకి చాలావరకు కుట్లు అక్కర్లేదు. నాలుకని నోట్లో మామూలుగా పెట్టుకున్నప్పుడు అంచులు రెండూ కలిసిపోతుంటే అది దానంతట అదే అతుక్కుంటుంది. అంచులు విచ్చుకుని నోరు తెరిచినట్టు ఉన్నా, కొస రెండుగా చీలినా, ఒక ముక్క వేలాడుతున్నా, పైనుంచి కిందికి పూర్తిగా దిగినా, సెంటీమీటరు కంటే పొడవుగా లోతుగా ఉన్నా, ఇరవై నిమిషాలు నొక్కినా రక్తం ఆగకపోయినా చూపించండి. కొస చీలితే సంకోచించొద్దు, అలాగే వదిలేస్తే చీలిక మిగిలిపోయి మాటకి అడ్డం పడొచ్చు.

పళ్లు ముందులా కలవకపోయినా, గడ్డం కింద బాగా వాచినా దవడ ఎముక విరిగి ఉండొచ్చు. నాలుక ఉబ్బి మాట ముద్దగా వస్తున్నా, ఉమ్మి మింగలేకపోతున్నా, ఊపిరిలో గురగుర వినిపిస్తున్నా అది అన్నిటికంటే అత్యవసరం. కూర్చున్న భంగిమలోనే 108లో పంపండి.

పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలా, పెద్దాస్పత్రికా?

పగటిపూట చిన్న గాటు, కుట్టు ఒకటో రెండో పడేది అయితే పళ్ల డాక్టరు కూడా వెయ్యగలరు. రాత్రయినా, రక్తం ఆగకపోయినా, పసిపిల్లలైనా నేరుగా ఏరియా ఆస్పత్రికో, కాకినాడ, రాజమండ్రి, ఏలూరు లాంటి చోట ఉన్న పెద్ద ప్రభుత్వాస్పత్రికో వెళ్లడం మేలు. పిల్లలకి మత్తిచ్చి కుట్టాల్సొస్తే మత్తు డాక్టరు ఉండాలి. దార్లో ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు. చివరిసారి ఎప్పుడు తిన్నారో గుర్తుపెట్టుకోండి, తప్పకుండా అడుగుతారు.

మాది లంక ఊరు. రేవు దాటాలి. ఏం చెయ్యమంటారు?

కుట్లు పడతాయేమో అన్న అనుమానం ఉంటే పొద్దు ఉండగానే దాటెయ్యండి. గంటలు గడిచేకొద్దీ వాపు పెరిగి కుట్టడం కష్టమవుతుంది. పడవలో అయినా, సఖినేటిపల్లి–నరసాపురం రేవులో పంటు మీదైనా మనిషి ముందుకు వంగి కూర్చోవాలి, గుడ్డ నొక్కి పట్టే ఉంచాలి, ఉమ్మడానికి ఒక కవరు చేతిలో ఉండాలి. వెంట ఇంకొకరు తప్పనిసరి.

వరదరోజుల్లో లెక్క వేరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వినగానే ఇంట్లో గాజుగుడ్డ చుట్టలు, పారాసిటమాల్, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ల చీటీలు ఒక కవర్లో సిద్ధం చేసుకోండి. దాటలేని పరిస్థితే వస్తే ఊళ్లో ఉన్న ఏఎన్‌ఎంని, ఆశా కార్యకర్తని పిలవండి, పడవ కోసం అధికారులకి కబురు పెట్టించండి. అప్పటిదాకా నొక్కిపట్టడం ఆపొద్దు.

కుట్లు వేసేటప్పుడు నొప్పి ఉంటుందా? మళ్లీ తీయించుకోవాలా?

తిమ్మిరి సూది వేసే నొప్పే, తర్వాత కుట్టేటప్పుడు లాగినట్టు మాత్రమే తెలుస్తుంది. పసిపిల్లలకి మత్తిస్తారు. నాలుకకి ఎక్కువగా కరిగిపోయే దారమే వాడతారు. వారం పది రోజుల్లో అదే ఊడిపోతుంది, తీయించుకోనక్కర్లేదు. తిమ్మిరి దిగేదాకా ఏదీ నమలొద్దు, కుట్టిన నాలుకనే మళ్లీ కొరికేస్తారు.

కొస తెగి ఊడిపోయింది. ముక్క దాచాలా?

దాచాలి. శుభ్రమైన నీళ్లతోనో సెలైన్‌తోనో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి బిగించి, ఆ కవరుని ఐసునీళ్ల గిన్నెలో ఉంచి తీసుకెళ్లండి. ముక్కకి ఐసు నేరుగా తగలకూడదు. అతికించగలరా లేదా అన్నది సర్జను చూసి చెబుతారు.

టీటీ ఇంజక్షన్ వేయించుకోవాలా?

తన పళ్లకి తనే కొరుక్కుంటే, టీకాలన్నీ సరిగ్గా పడి ఉంటే, మామూలుగా అక్కర్లేదు. మట్టిలో పడి తెగినా, గాలం గానీ తుప్పు పట్టిన ఇనుము గానీ గుచ్చుకున్నా, చివరి డోసు వేసి 5 ఏళ్లు దాటితే వేయించుకోండి. శుభ్రమైన గాటుకైతే గడువు 10 ఏళ్లు. పిల్లల కార్డులో 5–6 ఏళ్ల డీపీటీ, 10, 16 ఏళ్ల టీడీ (రెండూ ధనుర్వాతం రాకుండా వేసేవే) పడ్డాయో లేదో చూసుకోండి.

## మానే రోజుల్లో

ఏం పెట్టాలి తినడానికి?

మొదటి రెండు రోజులూ చల్లగా, మెత్తగా ఉండేవి. పెరుగన్నం మెత్తగా పిసికి, పల్చటి మజ్జిగ, చల్లారిన జావ, కొబ్బరినీళ్లు, కాలమైతే లేత ముంజెలు. ముంజెలు నొప్పి ఉన్న నోటికి ఎంత హాయో పిల్లలకి పెట్టి చూడండి. ఆవకాయ, చింతపండు పులుసు, వేడి టీ, జంతికలు, చేగోడీలు మానే దాకా వద్దు. పూతరేకులు మెత్తనివే కదా అని అడుగుతుంటారు. ఆ పొర తడి తగలగానే గాటుకి అతుక్కుంటుంది, వారం ఆగండి. స్ట్రా పెట్టి పీల్చొద్దు, పీల్పుకి గడ్డకట్టిన రక్తం ఊడుతుంది. తిన్న ప్రతిసారీ నెమ్మదిగా నీళ్లు తిప్పి ఉమ్మాలి. చుట్ట, సిగరెట్, ఖైనీ, మద్యం ఆపకపోతే మానడం ఆలస్యమవుతుంది.

గాటు మీద తెల్లగా పొర కట్టింది. చీము పట్టిందా?

నోట్లో పుండు తడిలో మానుతుంది కాబట్టి పక్కు కట్టదు, దాని బదులు తెలుపు పసుపు కలిసిన మెత్తటి పొర వస్తుంది. అది మానుతున్న గుర్తు, గీకి తియ్యొద్దు. నొప్పి తగ్గకుండా రోజురోజుకీ పెరుగుతున్నా, జ్వరం, కంపు, గడ్డం కింద బిళ్లలు ఉన్నా అప్పుడు చీము అనుకోవాలి.

ఉప్పునీళ్లు పుక్కిలించాలా? మౌత్‌వాష్ మంచిదా?

మొదటి రోజు గట్టిగా పుక్కిలించొద్దు. రెండో రోజు నుంచి గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి, తిన్న తర్వాత నోట్లో అటూ ఇటూ తిప్పి వదిలెయ్యండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంట పుట్టిస్తుంది. చర్మానికి వాడే బెటాడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలు నోటికి వాడొద్దు.

నొప్పికి ఏం వెయ్యాలి?

పారాసిటమాల్. పిల్లలకి బరువుని బట్టి డాక్టరు చెప్పిన మోతాదు. ఆస్పిరిన్ రక్తాన్ని ఆగనివ్వదు, బ్రూఫెన్ కూడా మొదటి రోజు వద్దు. జ్వరం కూడా ఉంటే, అది డెంగీ కాదని తేలేదాకా ఆ రెండూ ముట్టుకోవద్దు. మొద్దుబార్చే జెల్ రెండేళ్ల లోపు పిల్లలకి రాయకూడదు.

నాలుగు రోజులకే కుట్టు ఊడింది. మళ్లీ వేయించాలా?

నాలుక రోజంతా కదులుతూనే ఉంటుంది, ముడులు వదులవుతాయి. అంచులు అతుక్కుని ఉండి రక్తం రాకపోతే అవసరం లేదు. విచ్చుకుంటే వెళ్లి చూపించండి.

## దెబ్బ లేకుండా రక్తం, మానని పుండు

ఏమీ తగలకుండానే నాలిక నుంచి, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది.

దీన్ని నోటి జబ్బుగా తీసుకోకండి. వానాకాలంలో నాలుగైదు రోజులుగా జ్వరం ఉండి ఇలా వస్తే డెంగీలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. కడుపునొప్పి, వాంతులు, నల్లటి విరేచనం తోడైతే నేరుగా ఆస్పత్రిలో చేర్చాలి. మగపిల్లాడికి చిన్న గాటుకే గంటలకొద్దీ కారుతుంటే, ఊరికే కీళ్లు వాస్తుంటే, మేనమామలకి కూడా అలాంటి బాధ ఉంటే హీమోఫీలియా (పుట్టుకతోనే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) పరీక్ష అడగండి.

కిళ్లీలో సున్నం ఎక్కువై నాలిక పొక్కి రక్తం వస్తోంది.

మామూలు నీళ్లతో చాలాసేపు, మళ్లీ మళ్లీ పుక్కిలించి ఉమ్మండి. విరుగుడని నిమ్మరసం పొయ్యొద్దు. మింగడం కష్టంగా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

పొద్దున్న లేచేసరికి నాలిక పక్కన కొరుక్కున్నట్టుంది, దిండు మీద రక్తం.

ఒకసారైతే నిద్రలో పళ్లు కొరకడం వల్ల కావచ్చు. ఒళ్లంతా నొప్పులు, తలనొప్పి, పక్క తడవడం కూడా ఉంటే రాత్రి నిద్రలో ఫిట్స్ వచ్చి ఉండొచ్చు. నరాల డాక్టరుకి చూపించేదాకా చెరువులో ఒంటరిగా దిగడం, చెట్లెక్కడం, బండి నడపడం మానండి.

నాలిక పక్కన పుండు మానట్లేదు, తాకితే రక్తం వస్తుంది. నొప్పి లేదు కదా, ఫరవాలేదా?

నొప్పి లేకపోవడం ధైర్యం ఇచ్చే విషయం కాదు. కొరుక్కున్న పుండు రెండు వారాల్లో మానాలి. విరిగిన పన్ను గానీ సరిపోని కట్టుడుపళ్లు గానీ అక్కడే రాస్తుంటే ముందు దాన్ని సరిచేయించండి. మూడు వారాలకీ మానని పుండు, అంచు గట్టిగా తగలడం, ఎర్రటి తెల్లటి మచ్చ, మెడలో బిళ్ల ఉంటే ముక్క తీసి పరీక్షకి పంపమని అడగండి. చుట్ట, గుట్కా, ఖైనీ, పొగాకు కిళ్లీ అలవాటున్నవాళ్లయితే ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యొద్దు. నాలుక కాన్సరు మొదట్లో కనిపించేది ఎక్కువగా ఆ పక్క అంచునే, ఆ దశలో దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. అద్దం ముందు నిలబడి నాలుకని గుడ్డతో పట్టుకుని రెండు అంచులూ, కిందిభాగమూ నెలకోసారి చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లవి మీరే చూడండి.